కాకి మీద పేలని తుపాకి

మక్క కంకి పాలు పట్టే రోజుల్లో వరంగల్ చుట్టుపక్కల చేన్లలో తెల్లవారకముందే మనిషి ఉండాలి. చిలుకలు వచ్చి కంకి పొట్టు చీలుస్తాయి, వాటి వెనకే కాకులు దిగి గింజలు తోడేస్తాయి. పెసర విత్తిన చెలకలో పావురాల గుంపు వాలితే ఆ రైతుకు ఇక టెన్షనే. తుపాకి పట్టుకుని నాలుగు కాలిస్తే సరిపోదా అని పట్నం నుంచి వచ్చినవాళ్లు అడుగుతుంటారు.

నిజానికి చాలాకాలం చట్టం దానికి అడ్డు చెప్పలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఐదో షెడ్యూల్‌లో కాకిని హానికర జీవుల కింద చేర్చింది. ఎలుకలు, పండ్లు తినే గబ్బిలాలు దాని పక్కన ఉండేవి. పావురాలకు నాలుగో షెడ్యూల్‌లో రక్షణ ఇచ్చినా, గుడి గోపురాల మీద, పాడుబడ్డ బావుల్లో గూడు కట్టే బూడిదరంగు పావురాన్ని మాత్రం మినహాయించారు. ఇక తుపాకి సంగతి. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట కాపలా అనే మాటే ఉంది. మూతి నుంచి మందు కూరే తుపాకికి దాని కింద లైసెన్స్ ఇవ్వొచ్చు. మన దగ్గర భర్మార్ అనేది అదే.

అయినా ఇక్కడ కాకుల వేట అలవాటు కాలేదు. తుపాకి ఎవరింట్లో ఉండేదో చూస్తే సగం సంగతి అర్థమవుతుంది. అది దొర ఉండే గడీలో గోడకు వేలాడేది. రైతు చేతిలో ఉన్నది వడిసెల. మంచె ఎక్కి రాయి పెట్టి గిర్రున తిప్పి వదిలితే పిట్ట చావదు, లేచిపోతుంది. కాపలాకు అంతే కావాలి. 1946-51 సాయుధ పోరాటంలో ఆ వడిసెలే రజాకార్ల మీదికి లేచింది, భర్మార్లూ లేచాయి. ఆ తర్వాత నక్సలైట్ల కాలంలో లైసెన్స్ తుపాకి ఇంట్లో ఉండటమే ఒక తలనొప్పి. రాత్రి దళం వచ్చి ఎత్తుకుపోతుందేమో, పొద్దున పోలీసులొచ్చి తుపాకేదని అడుగుతారేమో. ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పజెప్పి రావాలి. ఇంత తతంగం కాకి కోసం ఎవరు పెట్టుకుంటారు?

పైగా అది ఉత్త పిట్ట కాదాయె. ఇంట్లో ఎవరైనా పోతే పిట్టకు పెట్టాలి. అది ముట్టేదాకా అందరూ ఆకాశం వైపు చూస్తూ నిలబడాలి. దుక్కి దున్నుతుంటే నాగలి వెంట నడిచి పురుగులు ఏరుకు తినేదీ అదే.

ఇంగ్లండ్‌లో కథ వేరు. అక్కడ రైతులు ప్రభుత్వం ఇచ్చే అనుమతులతో, పంటల మీద పడే అడవి పావురాలను, కాకులను కాలుస్తారు. చేనులో బొమ్మ పావురాలు పెట్టి, చాటున కూర్చుని, నిజం పావురాలు దిగగానే ఛర్రాల తుపాకి పేలుస్తారు. 2019 ఏప్రిల్‌లో పక్షిప్రేమికులు కోర్టుకెక్కడంతో ప్రభుత్వ సంస్థ ఆ అనుమతులు రద్దు చేసింది. రైతులు గొడవ చేశారు, జూన్‌కల్లా కొత్తవి వచ్చాయి.

ఎర పిట్టను పెట్టి పిట్టను పట్టడం మనకు తెలియని విద్యేమీ కాదు. పాత తెలుగులో దానికి దీమం అనే మాటే ఉంది. పెంపుడు కౌజును అరిపించి అడవి కౌజులను ఉచ్చులోకి రప్పించడం అలాంటిదే. అది కూర కోసం చేసే వేట, చేను కాపలా కాదు. చేను దగ్గర మనవాళ్లు పెట్టేది తలకిందుల దీమం. చచ్చిన కాకిని కర్రకు వేలాడదీస్తారు. మిగతావి చుట్టూ తిరిగి, గోల చేసి, వెళ్లిపోతాయి.

2022 చివర్లో చట్టాన్ని సవరించి ఐదో షెడ్యూల్‌ను తీసేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. ఇప్పుడు ఏ జీవినైనా హానికరమని ప్రకటించాలంటే ఏ ప్రాంతానికి, ఎంతకాలానికో చెప్పి కేంద్రం విడిగా నోటిఫికేషన్ ఇవ్వాలి. ఊళ్లో ఈ మార్పు ఎవరికీ పట్టినట్టు లేదు. కాల్చేవాళ్లే లేనప్పుడు కాల్చొద్దంటే ఎవరికి నొప్పి?

నా లెక్కలో అసలు దెబ్బ వేరే చోట తగిలింది. ఒకప్పుడు ఊరంతా జొన్నే ఉండేది, పిట్టల నష్టం అందరికీ తలా ఇంత పడేది. చెలకలన్నీ పత్తికి మారాక, మధ్యలో ఎకరం జొన్నో సజ్జో వేసినవాడి మీదే అన్నీ వాలుతున్నాయి. మంచె మీద కూర్చునే పిల్లలు బడికి పోతున్నారు, మంచిదే. కూలికి మనిషిని పెడితే గిట్టదు. అందుకే మెరిసే రిబ్బన్లు, పాత చీరలు, బ్యాటరీ మైకులో రికార్డు చేసిన "హోయ్, హోయ్" అరుపులు. మొదటి రెండు రోజులు బాగానే లేస్తాయి. వారం తిరిగేసరికి కాకి వచ్చి ఆ మైకు మీదే కూర్చుంటుంది.