వంతెన పిట్టగోడ

ప్రియమైన పిల్లలకు,

"మనుషులు మతం పేరుతో, దేశం పేరుతో కొట్టుకుంటుంటే బొమ్మలు చెక్కితే ఏం ఒరుగుతుంది?" అని అడిగారు కదా. నలభై ఏళ్లుగా ఉలి పట్టినవాణ్ణి. ఆ ప్రశ్న నాకూ నిద్ర పట్టనివ్వని రోజులున్నాయి. అలాంటప్పుడు నేను ఇసాము నొగుచి అనే శిల్పిని తలుచుకుంటాను.

ఆయన 1904లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. నాన్న జపాన్ కవి, అమ్మ అమెరికన్. జపాన్‌లో పెరిగి, పదమూడేళ్లకే ఒంటరిగా ఓడెక్కి అమెరికా వచ్చాడు. అమెరికాలో ఆయన జపాన్‌వాడు, జపాన్ వెళ్తే అమెరికావాడు. రెండు ఇళ్లున్నా రెండు చోట్లా చుట్టపుచూపే.

1927లో పారిస్ వెళ్లి బ్రాంకూసి అనే గొప్ప శిల్పి దగ్గర పనికి చేరాడు. బ్రాంకూసి రొమేనియా మనిషి. ఆయనకు ఇంగ్లీషు రాదు, ఇతనికి ఫ్రెంచి రాదు. మరి పాఠం ఎలా సాగింది? గురువు రాయి కోసి చూపిస్తే శిష్యుడు కోసేవాడు. తప్పు జరిగితే గురువు కళ్లతో, చేతులతో సరిదిద్దేవాడు. ఇది నాకు బాగా అర్థమవుతుంది. రాయికి పొర ఉంటుంది, పొరకు అడ్డంగా కొడితే పెచ్చు ఊడిపోతుంది. ఆ సంగతి చెప్పడానికి భాష అక్కర్లేదు, పక్కవాడి మణికట్టు పట్టుకుని ఉలి కాస్త వంచితే చాలు. ముందు అలా చెయ్యి పట్టుకోనివ్వాలి, కష్టమంతా అక్కడే ఉంది.

తర్వాత అమెరికాకూ జపాన్‌కూ యుద్ధం వచ్చింది. 1942లో అమెరికా ప్రభుత్వం పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివాళ్లను, పిల్లలతో సహా, శిబిరాల్లో పెట్టింది. న్యూయార్క్‌లో ఉన్న నొగుచిని ఎవరూ రమ్మనలేదు. తనంతట తానే ఆరిజోనా ఎడారిలోని పోస్టన్ శిబిరానికి వెళ్లాడు. అక్కడివాళ్లకు పార్కులూ ఆటస్థలాలూ కట్టాలని ప్లాన్లు గీశాడు. దాదాపు ఏవీ కట్టనివ్వలేదు. ఇక వెళ్తానంటే అనుమతి రావడానికి నెలలు పట్టింది.

హిరోషిమాలో ఆయనకు దొరికింది ఇంకో రకం దెబ్బ. 1945లో అణుబాంబు పడిన ఆ ఊళ్లో, శాంతి ఉద్యానవనం కడుతున్న వాస్తుశిల్పి కెంజో టాంగే ఆయన్ని పిలిచాడు. చనిపోయినవాళ్ల స్మారకానికి నొగుచి నమూనా చేశాడు. కానీ కమిటీ వద్దంది. బాంబు వేసిన దేశం మనిషి అన్నదే అడ్డొచ్చింది. ఆ కమిటీ మీద నాకు కోపం రాదు. ఆ ఊరి గాయం అప్పటికింకా పచ్చిగానే ఉంది. కానీ నొగుచి ఎంత నొచ్చుకుని ఉంటాడో కూడా నాకు తెలుసు.

అయినా అక్కడి రెండు వంతెనలకు ఆయన చేసిన కాంక్రీటు పిట్టగోడలు నిలిచాయి. ఒకదాని చివర ఆకాశంకేసి చూస్తున్న సూర్యుడిలాంటి గుండ్రని రూపం. రెండోది పడవ అస్థిపంజరంలా ఉంటుంది. ఒక పేరుకు 'నిర్మించడం' అని, ఇంకోదానికి 'వెళ్లిపోవడం' అని అర్థం. జనం రోజూ ఆ వంతెనల మీద నడుస్తారు, చేత్తో తడుముతారు. ఎవరు చేశారో చాలామందికి తెలియకపోవచ్చు. అది నాకు లోటుగా తోచదు. 1958 నాటికి పారిస్‌లో యునెస్కో కార్యాలయం దగ్గర జపాన్ నుంచి తెప్పించిన రాళ్లతో ఒక తోట కూడా తయారుచేశాడు.

బొమ్మ యుద్ధాన్ని ఆపదు, పిల్లలూ. ఆపుతుందని మీకు అబద్ధం చెప్పలేను. నా ఆశ చిన్నది, కానీ గట్టిది: చేతులు కలిసి పనిచేస్తున్నంతసేపూ కళ్లు ఎదుటి మనిషిని వదలవు.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీకంటే వేరేగా దండం పెట్టుకునే స్నేహితుణ్ణో, వేరే భాష మాట్లాడే స్నేహితురాలినో ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒకరి ముఖం ఒకరు బంకమట్టితో చేయండి. గంట పడుతుంది. ముక్కు త్వరగానే వస్తుంది. చెవుల దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే అంతవరకూ వాటిని సరిగ్గా చూసి ఉండరు. రెండు చెవులూ ఒకేలా ఉండవు కూడా. మట్టి తడిగా ఉన్నప్పుడే ఫొటో తీసి పంపండి, నేను చూస్తాను.

మీ
తాతయ్య