ఆగని రికర్షన్, రిపీట్ ఈవెంట్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: రిపీట్ ఈవెంట్‌కి తర్వాతి తేదీ వెతికే కోడ్ ఆగని రికర్షన్‌లో (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడంలో) పడి క్రాష్ అయితే, రికర్షన్ లిమిట్ పెంచితే పని జరిగిపోతుంది.

వాస్తవం: పైథాన్‌లో ఆ లిమిట్, అంటే అలా ఎన్ని కాల్స్ లోతుకి వెళ్లొచ్చనే హద్దు, మామూలుగా 1000. లక్షకు పెంచినా లేని తేదీ దొరకదు కదా! భీమవరం వైపు రొయ్యల రైతులు వాడే ఒక యాప్‌లో నా దగ్గరికి వచ్చిన కేసు చెబుతాను. చెరువు కౌలు గడువు మే 31, ప్రతి 12 నెలలకోసారి అని ఈవెంట్ పెట్టారు. తర్వాత గడువు జూన్‌కి జరిగితే యాప్ నెలను మార్చింది గానీ, రూల్‌లో ఉన్న 31ని అలాగే వదిలేసింది. జూన్‌కి 31 ఎక్కడిది? తర్వాతి తేదీ వెతికే ఫంక్షన్ ఈ ఏడాది కుదరలేదని వచ్చే ఏడాది కోసం తనను తానే పిలుచుకుంటూ, స్టాక్ (ఇంకా పూర్తికాని కాల్స్‌ని దాచే మెమరీ) నిండేదాకా పోతూనే ఉంది. రూల్‌లో ఏ ముక్కకా ముక్క చూస్తే అన్నీ సరైనవే, అందుకే ఇది కంటికి ఆనదు.

ఇలాంటప్పుడు ప్రతి కాల్‌లో తేదీని లాగ్ చేయండి. ఏళ్లు పెరుగుతూ పోతుంటే అది ఎప్పటికీ కుదరని రూల్. తేదీ కదలకుండా ఉంటే ముందుకు జరిపే లెక్కలో తప్పుంది, ముందు ఇంటర్వెల్ (ఎన్ని నెలలకోసారి లేదా ఏళ్లకోసారి అనే అంకె) సున్నా వచ్చిందేమో చూడండి.

అపోహ: రికర్షన్ తీసేసి లూప్ పెడితే చాలు.

వాస్తవం: క్రాష్ పోయి హ్యాంగ్ వస్తుంది. నాకైతే క్రాషే నయం, స్టాక్ ట్రేస్ (ఏ కాల్ నుంచి ఏ కాల్‌కి వెళ్లిందో చూపే జాబితా) అయినా మిగులుతుంది.

అపోహ: రూల్‌లో కౌంట్ (ఈవెంట్ మొత్తం ఎన్నిసార్లు రావాలి) 10 అని ఇచ్చాం, అక్కడ ఆగుతుంది.

వాస్తవం: కౌంట్ లెక్కపెట్టేది దొరికిన తేదీలనే. ఒక్కటీ దొరకకపోతే సున్నా దగ్గరే ఉంటుంది. హద్దు పెట్టాల్సింది వెతుకులాటకి. అలాగని ఐదేళ్లకే ఆపేయకండి, ఫిబ్రవరి 29 అనేది 2096 తర్వాత మళ్లీ 2104లోనే వస్తుంది. గ్రెగోరియన్ క్యాలెండర్ 400 ఏళ్లకు, అంటే 146097 రోజులకు, వారాలతో సహా మళ్లీ మొదటికొస్తుంది. ఏటా వచ్చే రూల్‌కి అంతలో తేదీ దొరకలేదంటే ఇక లేనట్టే. ఏడేళ్లకోసారి వచ్చేదైతే 2800 ఏళ్లు చూడాలి.

అపోహ: లేని తేదీని నెలాఖరుకి జరిపేస్తే గొడవ వదులుతుంది.

వాస్తవం: క్యాలెండర్ ఈవెంట్లకి ఇంటర్నెట్ ప్రమాణమైన 2009 నాటి ఆర్‌ఎఫ్‌సి 5545 అలాంటి తేదీని వదిలేయమంటుంది. నెలాఖరుకి జరపడాన్ని 2015లో ఆర్‌ఎఫ్‌సి 7529 ఒక ఆప్షన్‌గా ఇచ్చింది. జరిపినా సరే, ప్రతిసారీ మొదటి తేదీ నుంచే లెక్కేయండి. జనవరి 31ని ఫిబ్రవరి 28కి తెచ్చి, అక్కడి నుంచి నెల కలిపితే మార్చి 28 దగ్గర ఇరుక్కుపోతారు.

అమావాస్య పోటుకి చెరువులో నీళ్లు మార్చే రిమైండర్లకైతే నెలవారీ రూల్ అసలు రాయొద్దు. పంచాంగం చూసి ఏడాది తేదీలు జాబితాగా ఇచ్చేయండి.