ప్లేయర్ చిన్నదైంది, బటన్లు ఎటు పోయాయి?

బస్సులో పక్క సీటు కుర్రాడు చెవిలోని ఇయర్‌బడ్‌ని వేలితో తడుతున్నాడు. ఒకసారి తడితే పాట ఆగుతుంది, రెండుసార్లు తడితే తర్వాతి పాట, మూడుసార్లు తడితే వెనకటి పాట. అతనికి తర్వాతి పాట కావాలి. రెండు తట్లకీ మధ్య ఎడం కాస్త ఎక్కువైందేమో, పాట ఆగిపోయింది. మళ్లీ తట్టాడు, మొదలైంది. మళ్లీ రెండుసార్లు తట్టాడు, ఆగిపోయింది. చివరికి జేబులోంచి ఫోన్ తీశాడు.

ఈ తట్ల లెక్క వెనక పెద్ద చరిత్రే ఉంది. పాటల యంత్రాన్ని చిన్నది చేసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట వేలికి జాగా చాలదు. అప్పుడు దేన్ని తీసేయాలి, తీసేసిన పని ఎవరి నెత్తిన పడుతుంది అన్నది 1979 నుంచీ వెంటాడుతున్న ప్రశ్న.

ఆ ఏడాది జులై 1న జపాన్‌లో సోనీ వాక్‌మన్ మొదటి మోడల్ అమ్మకానికొచ్చింది. ధర 33,000 యెన్లు, బరువు సుమారు 390 గ్రాములు. విలేకరులు వాడే 'ప్రెస్‌మన్' అనే చేతి టేప్ రికార్డర్ ఆ కంపెనీకి అప్పటికే ఉంది. అందులోంచి రికార్డింగు, స్పీకరు తీసేసి, స్టీరియో పెట్టి, తేలికపాటి హెడ్‌ఫోన్ జతచేశారు. రికార్డ్ చేయని టేప్ రికార్డర్‌ని ఎవరు కొంటారని కంపెనీలోనే అనుమానపడ్డారు. జనం ఎగబడి కొన్నారు. తీసేసిన వాటితో వినేవాడికి పని లేదు మరి. ప్లే, స్టాప్, రివైండ్ మీటలు మాత్రం గట్టిగా, బొటనవేలికి తగిలేలా ఉండనే ఉన్నాయి.

1983లో డబ్ల్యుఎం-20 మోడల్‌తో వాక్‌మన్ క్యాసెట్ డబ్బా సైజుకి దిగింది. క్యాసెట్ పెట్టాలంటే దాని ఒంటిని కాస్త బయటికి లాగి పెద్దది చేయాలి. అంతకన్నా తగ్గడానికి వీల్లేదు, లోపల క్యాసెట్ పట్టాలి కదా. మరుసటి ఏడాది వచ్చిన, వెంట పట్టుకెళ్లే సీడీ ప్లేయర్‌కీ అదే గోడ అడ్డం వచ్చింది. డిస్కు వెడల్పే 12 సెంటీమీటర్లు. ఇంజినీర్లకి అది తలనొప్పే అయినా, ఇన్నేళ్లూ బటన్లని కాపాడింది ఆ గోడేనని నాకనిపిస్తుంది. క్యాసెట్ అంత పెద్దదిగా ఉన్నన్నాళ్లూ పక్కన వేలికి జాగా దానంతటదే దొరికేది.

మెమరీ చిప్పు వచ్చి ఆ గోడని పడగొట్టింది. 1998లో వచ్చిన రియో పీఎంపీ300 అనే చిప్పు ప్లేయర్‌లో 32 మెగాబైట్లే, అంటే అరగంట పాటలు. 2000లో క్రియేటివ్ కంపెనీ నోమాడ్ జూక్‌బాక్స్ తెచ్చింది. అందులో 6 గిగాబైట్ల ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు పెట్టారు, దాంతో యంత్రం మళ్లీ సీడీ ప్లేయరంత అయింది. చిన్నదైతే పాటలు చాలవు, పాటలు చాలితే జేబు చాలదు. 2001 మొదట్లో ఆపిల్ ఇంజినీర్ జాన్ రూబిన్‌స్టైన్ జపాన్ వెళ్లినప్పుడు తోషిబా వాళ్లు 1.8 అంగుళాల కొత్త హార్డ్ డిస్కు చూపించారు. ఆ అక్టోబర్ 23న ఐపాడ్ బయటికొచ్చింది: 5 గిగాబైట్లు, వెయ్యి పాటలు, 184 గ్రాములు. దాని తొలి నమూనాని ఆపిల్ కోసం ఐపాడ్ పని చూసిన టోనీ ఫాడెల్ నురుగు అట్టతో చేసి, చేతిలో నిజమైన బరువు తెలియాలని లోపల చేపల గాలానికి కట్టే గుండ్లు పెట్టాడు. వేలికీ చేతికీ ఏం తెలుస్తుందన్నది అప్పుడు వాళ్లకి అంత ముఖ్యం.

వెయ్యి పాటల్లో ఒకటి వెతకడం బటన్ నొక్కుళ్లతో అయ్యే పని కాదు. అందుకే గుండ్రటి చక్రం పెట్టారు. మెల్లగా తిప్పితే ఒక్కో పేరు కదులుతుంది, జోరుగా తిప్పితే జాబితా పరుగెడుతుంది. చిన్న తెర, ఒక చక్రం, రెండూ కలిసి ఆ పని చేసిపెట్టాయి.

2005 జనవరిలో వచ్చిన చిన్న ఐపాడ్, 'షఫుల్'లో తెర పోయింది. 22 గ్రాములు, 99 డాలర్లు, 512 మెగాబైట్లు, 120 పాటల దాకా. దీన్ని చాలామంది ఆక్షేపించారు గానీ, నా దృష్టిలో అది నిజాయతీ ఉన్న బేరం. నూట ఇరవై పాటలూ మనం ఏరి ఎక్కించుకున్నవే. ఏది వచ్చినా మనకిష్టమైనదే, నచ్చకపోతే ముందుకి తోస్తాం. మధ్యలో ప్లే, చుట్టూ నాలుగు బటన్లు, జేబులో చెయ్యి పెట్టి తడిమినా తెలుస్తాయి. చూపు లేనివారికి ఇంతకన్నా సులువైన ప్లేయర్ అప్పట్లో ఏముంది? పాటల పొందిక చూసుకునే పని మాత్రం ప్లేయర్ నుంచి ఇంట్లో కంప్యూటర్‌కి మారింది.

2006లో రెండో షఫుల్ చొక్కాకి తగిలించుకునే క్లిప్పులా మారింది. ప్లగ్గుకి జాగా లేక హెడ్‌ఫోన్ రంధ్రంలోంచే చార్జింగు, అందులోంచే పాటలు ఎక్కించడం. చార్జింగు పెట్టి వినడం కుదరదు. దాంతోపాటు ఇచ్చిన ప్రత్యేకమైన తీగ పోతే మామూలు కేబుల్ ఏదీ పనికిరాదు. సైజు తగ్గిన కొద్దీ ఇలా బయట ఒక వస్తువు మీద ఆధారం పెరుగుతూ వచ్చింది.

అది ఎంత దూరం పోగలదో 2009 మార్చి 11న తేలింది. మూడో షఫుల్ పొడవు 45.2 మిల్లీమీటర్లు, వెడల్పు 17.5, మందం 7.8. బరువు 10.7 గ్రాములు. రెండు ఐదు రూపాయల బిళ్లలు అరచేతిలో పెట్టుకుంటే వాటికన్నా ఇదే తేలిక. అందులో 4 గిగాబైట్లు, మళ్లీ అదే వెయ్యి పాటలు. మొదటి ఐపాడ్ మోసినన్ని పాటలని పదిహేడో వంతు బరువుతో మోస్తోంది. అయితే ఆ వెయ్యిలో ఒకటి వెతకడానికి పెట్టిన తెరా లేదు, చక్రమూ లేదు. ఒంటి మీద ఒక్క జారుడు స్విచ్చు తప్ప బటనే లేదు.

బటన్లు కుడి చెవి తీగ మీదికి వెళ్లాయి. మధ్య బటన్ ఒకసారి నొక్కితే పాట మొదలు, మళ్లీ నొక్కితే ఆగుతుంది. రెండుసార్లు తర్వాతిది, మూడుసార్లు వెనకటిది. రెండోసారి నొక్కి పట్టుకుంటే పాట ముందుకి పరుగెడుతుంది, మూడోసారి నొక్కి పట్టుకుంటే వెనక్కి. ఊరికే నొక్కి పట్టుకుంటే పాట పేరు చెబుతుంది, బీప్ వచ్చేదాకా పట్టుకుంటే జాబితాల పేర్లు చదువుతుంది. నొక్కుళ్ల వాడకం ఫోన్ హెడ్‌సెట్లలో అప్పటికే ఉంది, కానీ అక్కడ చేతిలో ఫోన్ కూడా ఉండేది. ఇక్కడ ఇదొక్కటే దారి. పైగా తీగలో ప్రత్యేకమైన చిప్పు ఉండాలి. మంచి శబ్దం కోసం వేరే కంపెనీ హెడ్‌ఫోన్ కొనుక్కున్నవాడు దాన్ని తగిలిస్తే పాట వస్తుంది గానీ, ఆపడం, మార్చడం, సౌండు తగ్గించడం కుదరదు. అడాప్టర్ కొనుక్కోవాలి.

పాట పేరు చదివే గొంతు 14 భాషల్లో వచ్చింది. వాటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు. మన పాటల ఫైళ్ల సంగతి అప్పుడెలా ఉండేదో గుర్తుందిగా. పేరు ఇంగ్లిషు అక్షరాల్లో, గాయకుడి పేరు ఉండాల్సిన చోట ఏదో వెబ్‌సైటు పేరు, కొన్నిటికి ఉత్త 'ట్రాక్ 3'. ఇంగ్లిషు గొంతు చదివితే ఏ పాటో ఎలా పోల్చుకోవాలి? ఆలోచనగా చూస్తే అది గొప్ప ఆలోచనే: కంటి పనిని చెవికి అప్పగించడం. అది పనిచేయాలంటే మాత్రం వినేవాడి భాష యంత్రానికి వచ్చి ఉండాలి.

చిన్న గురిని వేలితో అందుకోవడానికి ఎక్కువ సమయం పడుతుందని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లోనే లెక్కగట్టి చూపించాడు. మా దగ్గర కోఠిలో కొన్న చవక క్లిప్పు ప్లేయర్ ఒకటుండేది, పేరు కూడా లేని రకం. ఒకే బటన్ పొట్టిగా నొక్కితే పాట మారేది, పట్టి నొక్కితే సౌండు పెరిగేది. రద్దీ బస్సులో నిలబడి సౌండు పెంచుదామని నొక్కితే, కుదుపుకి వేలు జారి, చరణం మధ్యలో పాట మారిపోయేది. ఎంతో ఇష్టపడి వింటున్న పాట అలా తెగిపోతే ప్రాణం ఉసూరుమనేది.

2010 సెప్టెంబర్‌లో నాలుగో షఫుల్‌తో బటన్లు తిరిగొచ్చాయి. జనానికి బటన్లు లేని లోటు తెలిసిందని ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ వేదిక మీదే ఒప్పుకున్నాడు. బరువు 12.5 గ్రాములు, అంటే పెరిగింది రెండు గ్రాముల లోపే. బ్యాటరీ మాత్రం 10 గంటల నుంచి 15 గంటలకి వెళ్లింది. పేర్లు చదివే గొంతునీ ఉంచుకున్నారు. అదే రోజు వచ్చిన మరో చిన్న ఐపాడ్, నానో మాత్రం చక్రం వదిలేసి చిన్న చదరపు టచ్ తెరగా మారింది, 2012లో మళ్లీ పొడుగైంది.

షఫుల్, నానో రెండింటినీ 2017 జులైలో ఆపేశారు. పాటలన్నీ ఫోన్‌లోకి వెళ్లాక వాటికి పని లేకపోయింది. అదే ఏడాది మన దేశంలో సరిగమ కంపెనీ కారవాన్ తెచ్చింది. పాతకాలం రేడియో ఆకారం, లోపల 5,000 పాటలు, ముందు పెద్ద గుండ్రటి మీట. తర్వాత తెలుగు పాటలతోనూ వచ్చింది. మా పెద్దమ్మ కళ్లజోడు కోసం వెతుక్కోకుండానే చెయ్యి చాపి దాని మీట తిప్పుతుంది. ఘంటసాల గొంతు వినపడగానే వేలు ఆపి, మళ్లీ చిక్కుడుకాయలు ఒలవడానికి కూర్చుంటుంది.