కీమో వార్డులో తిప్పతీగ కషాయం: అపోహలు - వాస్తవాలు

కీమోకి వచ్చినవాళ్ల సంచిలో స్టీలు ఫ్లాస్కు కనిపిస్తే, అందులో ఏముందో అడగకుండా ఉండలేను. మొన్న ఒకావిడ మూత తీసి చూపించారు. ఆకుపచ్చ నీళ్లు, వాసనకే నోరు చేదెక్కింది. "తిప్పతీగ కషాయం డాక్టరుగారూ, మా ఆడపడుచు వాళ్ల పెరట్లోదే. ఇమ్యూనిటీ పెరుగుతుందట." ఆవిడకి రొమ్ము క్యాన్సర్, మూడో సైకిల్. కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ ఎస్‌జీపీటీ 40 లోపు ఉండాలి, ఆవిడకి ఆ రోజు 212. కీమో వాయిదా వేశాం.

అపోహ: తిప్పతీగ రోగనిరోధక కణాలను లేపుతుంది, అవి క్యాన్సర్‌ని చంపేస్తాయి.

మొదటి సగం గాల్లోంచి పుట్టలేదు. తిప్పతీగలోని కొన్ని పాలీశాకరైడ్లు, అంటే గొలుసుల్లా ఉండే చక్కెర పదార్థాలు, ల్యాబ్‌లో మాక్రోఫేజ్‌లను, అంటే క్రిములను మింగే కణాలను, చురుగ్గా చేస్తాయి. చిక్కంతా రెండో సగంతోనే. గాజు పళ్లెంలో కణాల మీద నేరుగా పోసే మందు వేరు, తాగిన కషాయంలో పేగులూ కాలేయమూ దాటి కణితి దాకా చేరేది వేరు. పైగా చాలా క్యాన్సర్లలో కణితే టి-కణాలకు, అంటే క్యాన్సర్ కణాలను చంపగల తెల్లకణాలకు, బ్రేకు వేస్తుంది. ఆ బ్రేకు తీసే దారి చూపినందుకే 2018లో జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో అనే శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు. ఇక లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో చెడిపోయేవి తెల్లకణాలే. అక్కడ ఎవర్ని లేపుదామని?

అపోహ: పడిపోయిన తెల్లకణాల కౌంటు కషాయంతో లేస్తుంది.

మామూలుగా కీమో అయిన 7 నుంచి 14 రోజుల్లో కౌంటు బాగా పడిపోతుంది, తర్వాత ఎముక మజ్జ తనే కోలుకుంటుంది. ఆ రోజుల్లో ఏది తాగితే దానికి పేరొస్తుంది. అవసరమైతే మజ్జ చేత తెల్లకణాలు తయారు చేయించే జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్ ఉంది. జ్వరం 100.4 దాటితే మాత్రం రాత్రయినా ఆసుపత్రికి రావాలి.

అపోహ: ఆకే కదా, ఏమవుతుంది?

కరోనా రోజుల్లో తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న 6 మంది గురించి ముంబై వైద్యులు 2021లో రాశారు. తర్వాత దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 కేసులు బయటికొచ్చాయి. వాళ్లలో చాలామందికి సొంత రోగనిరోధక శక్తే కాలేయం మీద తిరగబడినట్టు కనిపించింది. అది వేరే జాతి తీగ అయి ఉండొచ్చని ఆయుష్ శాఖ అంది. సరే, మరి పెరట్లో తీగ ఏ జాతిదో తేల్చేదెవరు?

మొక్కలంటే నాకు పగేమీ లేదు. మేం వాడే కీమో మందు విన్‌క్రిస్టిన్ బిళ్లగన్నేరు నుంచి వచ్చిందే, కాకపోతే మిల్లీగ్రాముల్లో కొలిచి ఎక్కిస్తాం. ఆవిడ ఎస్‌జీపీటీ కీమో వల్ల కూడా పెరిగి ఉండొచ్చు. కషాయం కలిస్తే దొంగ ఎవరో పట్టుకోలేం, నా గొడవ అదే.

కషాయం ఆపాక మూడు వారాలకు ఆవిడ ఎస్‌జీపీటీ 58కి దిగింది. కీమో మొదలుపెడుతుంటే మెల్లగా అడిగారు: "మరి పసుపు?"

"కూరలో వేసుకోండమ్మా. క్యాప్సూల్స్ అయితే డబ్బా తెచ్చి చూపించండి."