పాత రేడియో పెడితే పాతకాలం రాదు: నోస్టాల్జియా (పాతరోజుల మీద బెంగ) సినిమాల మీద అపోహలు, వాస్తవాలు

"ఎనభైల నాటి ఊరండీ" అంటూ మొదలయ్యే కథలు ఈ మధ్య బాగా పెరిగాయి. ఏ సంవత్సరం అని అడిగితే "అదే... ఎనభైలు" అంటారు. ఆ ఊళ్లో ఏం మారింది అని అడిగితే సామాన్ల జాబితా చదువుతారు: మర్ఫీ రేడియో, లాంతరు, లూనా, గోలీసోడా, డాబా మీద యాంటెన్నా. సినిమా వచ్చాక ప్రేక్షకుడు "మా ఇంట్లోనూ ఇదే ఉండేది" అని ఓ నవ్వు నవ్వి ఇంటికి పోతాడు. దర్శకుడేమో "సమాజంలో మార్పు గురించి తీశాను, ఎవరికీ ఎక్కలేదు" అని కుమిలిపోతాడు. ఎక్కడానికి తెరమీద మార్పు ఉంటేగా! ఉన్నదంతా సామానే.

అపోహ: పాత వస్తువులు పెడితే పాతకాలం వచ్చేస్తుంది

డబ్బూ రోజులూ అన్నిటికంటే ఎక్కువ మింగేది ఈ నమ్మకమే. అందుకని దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుదాం.

వాస్తవం ఏమిటంటే, వస్తువు కాలాన్ని గుర్తు చేస్తుంది తప్ప ఆ కాలం గురించి ఏమీ చెప్పదు. చెప్పేది ఆ వస్తువు చుట్టూ ఉన్న మనుషుల వరస. అరుగు కట్టడం ఆర్ట్ డైరెక్టర్‌కి రెండు రోజుల పని. ఆ అరుగు మీద ఎవరు కూర్చున్నారు, మెట్టు మీద ఎవరు, కింద మట్టిలో చేతులు కట్టుకుని నిలబడ్డది ఎవరు అన్నది రచయిత పని. అది సీన్ పేపర్ మీద లేకపోతే షూటింగ్ రోజు జూనియర్ ఆర్టిస్టులు ఎక్కడ నీడ ఉంటే అక్కడ కూర్చుంటారు. అలా కూర్చున్న ఊరు ఏ కాలపు ఊరూ కాదు.

కాబట్టి మొదటి పని: స్క్రిప్ట్ మొదటి పేజీ మీద ఒకే ఒక్క సంవత్సరం రాయండి. దశాబ్దం పనికిరాదు. 1983కీ 1987కీ మధ్య మన ఊళ్లు ఎంత మారాయో చూస్తే ఎందుకో తెలుస్తుంది. 1984 జనవరిలో మునసబు, కరణం ఉద్యోగాలు రద్దయ్యాయి. తెలంగాణలో పటేల్, పట్వారీ. తరతరాలుగా ఊరి భూమి లెక్కలు ఒకే ఇంటి పెట్టెలో ఉండేవి, ఆ పెట్టె బయటికొచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 1986లో మీ పాత్ర "కరణంగారి సంతకం కావాలి" అన్నదంటే అది చిన్న తప్పు కాదు, ఆ ఊరి అధికారం ఎటు కదిలిందో రచయితకు తెలియదని అర్థం. తెలిసి రాస్తే మాత్రం అక్కడ బంగారం ఉంది: ఉద్యోగం పోయినా ఇంకా "కరణంగారూ" అనిపించుకునే ముసలాయన, ఆ పిలుపు మానేసిన మొదటి కుర్రాడు. ఆ ఒక్క సీనుకు లాంతరు అక్కర్లేదు.

ఉమ్మడి కుటుంబం కథలకూ ఇదే వర్తిస్తుంది. పెద్ద లోగిలి, సంక్రాంతి, పాతికమంది ఒకే వరసలో భోజనం. చివర్లో ఇల్లు అమ్మకుండా ఆపడం. చూడముచ్చటే. కానీ హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికి పంపకాలు కాని ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. ఒక షరతు పెట్టింది: ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతురికి మాత్రం వర్తించదు. దేశమంతటికీ కూతుళ్లకు ఆ హక్కు 2005లో గానీ రాలేదు. ఇప్పుడు ఆ లోగిలిలో ఇద్దరు అక్కచెల్లెళ్లను ఊహించండి. అక్క పెళ్లి 1985 వేసవిలో, చెల్లెలి పెళ్లి మరుసటేడు. ఒకే తండ్రి, ఒకే ఇల్లు, ఒకే వరస పెట్టుపోతలు. ఒకరికి వాటా ఉంది, ఒకరికి లేదు. ఇంటి మీద ప్రేమ, ఇంట్లో జరిగిన అన్యాయం ఒకే ఫ్రేములో పట్టే కథ ఇది. మన సినిమాల్లో మాత్రం కూతురు పండక్కి వస్తుంది, సారె తీసుకుని కన్నీళ్లు పెట్టుకుని వెళ్తుంది. కాగితం మీద ఆవిడ సంతకం ఎవరూ అడగరు.

కోస్తా పల్లె అనగానే రాసే ఇంకో షాటు: తెల్లవారుజామున చెరువు, బిందెలతో అమ్మాయిల వరస, వెనక వేణువు. 1985 జూలైలో కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపేసిన ఘోరం మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. ప్రతి సినిమా కారంచేడు గురించి తీయాలని కాదు. ఆ బిందెల వరస ఏ రేవులోకి దిగుతోంది, ఏ రేవులోకి దిగకూడదు అన్నది రచయితకు తెలిసి ఉండాలి. తెలిస్తే వేణువు బదులు ఇంకేదో వినిపిస్తుంది.

సీన్ రాసేటప్పుడు ప్రతి పాత వస్తువుకీ మూడు ప్రశ్నలు వేయండి. దీన్ని కొన్న డబ్బు ఎక్కడిది? రోజూ దీన్ని తుడిచేదీ వాడేదీ ఎవరు? దీన్ని ముట్టుకోకూడనిది ఎవరు? రేడియో తీసుకుందాం. కొన్నది నాన్న, దుమ్ము దులిపేది అమ్మ, స్టేషన్ మార్చే హక్కు నాన్నది, కిటికీ అవతల నిలబడి వార్తలు వినేది పాలేరు. మూడింటికీ జవాబు దొరికితే రేడియో ఉంచండి. ఒక్కదానికీ దొరక్కపోతే తీసేయండి, అద్దె మిగులుతుంది. ఒక సీన్‌లో కాలాన్ని చెప్పే గుర్తులు రెండు, మహా అయితే మూడు చాలు. అంతకు మించితే ఇల్లు మ్యూజియం అవుతుంది, ప్రేక్షకుడు ముఖాలు వదిలేసి గోడలు చూస్తాడు.

1988లో వచ్చిన 'దాసి' ఈ విషయంలో ఇప్పటికీ పాఠం. 1920ల నాటి తెలంగాణ గడీ, అంటే దొర కోటలాంటి ఇల్లు. కళాదర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠంకి జాతీయ అవార్డు వచ్చింది. ఆ గడీ ఎంత అందంగా ఉంటుందో, అందులో పనిచేసే ఆడబాపకు, అంటే దాసికి, అది అంత జైలు. దొరసానికి పుట్టింటి అరణంగా, పెళ్లి కానుకల్లో ఒకటిగా వచ్చిన మనిషి ఆమె. తోమిన ఇత్తడి చెంబు మెరుస్తుంటే తోమిన చేతులు గుర్తొస్తాయి. మనవాళ్లు ఆ చెంబును మాత్రం అరువు తెచ్చుకుంటున్నారు.

'రంగస్థలం' (2018) ఇంకో పద్ధతి. ముందు ప్రేక్షకుణ్ణి ఊరి మీద మనసు పారేసుకోనిస్తుంది: మోటారు ఇంజను, పాటలు, యాస. ఊరి ప్రెసిడెంటు రూపంలో పాతకాలపు దుర్మార్గాన్ని చూపిస్తుంది, మనమూ హాయిగా ద్వేషిస్తాం, "ఆ రోజులు పోయాయిలే" అనుకుంటాం. చివరికి హీరో అన్న కుమార్‌బాబు చావు వెనక ఉన్నది ఊరు గౌరవించే ఎమ్మెల్యే అనీ, కారణం కులం అనీ తేలుతుంది. ప్రెసిడెంటు పోయినా అది పోలేదు. మొదటి రెండు గంటల ముచ్చట లేకపోతే ఈ దెబ్బ తగలదు. కొలత పట్టుకోండి: ఎంత ప్రేమగా చూపిస్తే అంత గట్టిగా ప్రశ్న వేయొచ్చు, కానీ ప్రశ్న ఏదో ముందే తెలిసి ఉండాలి. అది మొదటి డ్రాఫ్టులో ఉండాలి. ఎడిటింగ్ టేబుల్ మీద పుట్టదు.

మార్పును సూటిగా చూపించడానికి అన్నిటికంటే చౌకైన పద్ధతి ఒకటుంది: ఒకే చోటు, ఒకే కెమెరా కోణం, రెండు కాలాలు. మొదటిసారి తీసినప్పుడే లెన్స్ నంబరు, కెమెరా ఎత్తు, దూరం కొలిచి కంటిన్యూటీ షీట్‌లో (షాటు వివరాలు రాసుకునే కాగితం) రాయించండి, ఫొటో తీయించండి. రెండో షెడ్యూలు రెండు నెలల తర్వాత ఉంటుంది, ఎవరికీ గుర్తుండదు. కోణం ఇంచుమించుగా కలిస్తే పోలిక చచ్చిపోతుంది. ప్రేక్షకుడికి అది వేరే షాటులా కనిపిస్తుందంతే. రెండోసారి ఫ్రేములో ఒక్కటే మారాలి. అరుగు అలాగే ఉండి, దాని మీద కూర్చున్నవాళ్లు మారాలి. లేదా మనుషులు అలాగే ఉండి అరుగు పోవాలి. రెండూ మార్చేస్తే ఏది మారిందో తెలియదు.

వయసుల లెక్క కూడా వేసుకోండి. 2024లో జరిగే కథలో డెబ్బై ఏళ్ల తాత 1954లో పుట్టినవాడు. ఆయన రజాకార్లను చూడలేదు, గాంధీగారి సభకు వెళ్లలేదు. ఆయన కుర్రతనం ఎమర్జెన్సీ నాటిది. పాత సినిమాల్లోని తాతను తెచ్చి కొత్త కథలో కూర్చోబెడితే ఇలాగే అవుతుంది.

అపోహ: గతం అంటే పసుపు రంగు

డీఐలో (సినిమా రంగులు సరిచేసే దశ) కూర్చోగానే "కొంచెం సెపియా కొట్టండి" అంటారు, అంటే పాత ఫొటోల పసుపు గోధుమ రంగు. డెబ్బైలలో ఆకాశం నీలంగానే ఉండేది. మనకు ఆ కాలపు సినిమాలు ఎర్రగానో గులాబీగానో గుర్తుండటానికి కారణం ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లు వెలిసిపోవడం. ఆ పాత ప్రింట్లలో సయాన్ డై (నీలిఛాయ రంగు) ముందు పాడవుతుంది, మిగిలిన రంగు ఎర్రగా తేలుతుంది. ఎనభైల మొదట్లో తక్కువగా వెలిసే ఫిల్ము వచ్చాక ఆ బెడద తగ్గింది. అంటే మీరు అనుకరిస్తున్నది గతాన్ని కాదు, గోదాములో పాడైన రీలును. కొత్తగా సున్నం కొట్టిన గోడ ఆ రోజున కొత్తగానే ఉండేది. అన్ని గోడలూ పెచ్చులూడిపోయి, అన్ని చొక్కాలూ వెలిసిపోయి ఉంటే అది జ్ఞాపకం కూడా కాదు, పాతసామాన్ల కొట్టు.

రంగుతో అర్థం చెప్పాలంటే గతానికి పూర్తి రంగులిచ్చి, వర్తమానంలో ఒక్క రంగు తగ్గించి చూడండి. ఏ రంగు తీసేశారో దానికి కథలో కారణం ఉండాలి.

అపోహ: పాతకాలాన్ని ప్రేమగా చూపిస్తే అభ్యుదయ వ్యతిరేకులమైపోతాం

ఇది నిజాయితీగా రాసేవాళ్లను ఎక్కువ భయపెడుతుంది. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. చిన్నప్పటి ఊరిని ప్రేమిస్తారు, ఆ ఊళ్లో ఏం జరిగేదో కూడా తెలుసు. రెండూ ఒకచోట రాయాలంటే చెయ్యి వణుకుతుంది. వణకనివ్వండి, కానీ ఆపకండి.

'శంకరాభరణం' (1980) చూడండి. పైకి చూస్తే మరుగునపడుతున్న శాస్త్రీయ సంగీతం మీద బెంగ. కానీ కథానాయకుడైన సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రి విద్య చివరికి ఎవరికి అందింది? వేశ్య ఇంట పుట్టిన తులసి కొడుక్కి. ఆవిడకు ఆశ్రయమిచ్చినందుకే ఊరు శాస్త్రిని వెలేసినంత పని చేసింది. సంప్రదాయం నిలవాలంటే పుట్టుక అడ్డుగోడ కూలాలి అని ఆ సినిమా ఒక్క ఉపన్యాసం లేకుండా చెప్పింది. ఆ జవాబు నచ్చనివాళ్లూ ఉన్నారు. తులసికి సేవే మిగిలింది కదా అని అడగొచ్చు, అడగాలి కూడా. అయినా ప్రేమ, విమర్శ కలిసి ఉండలేవన్న వాదనకు అక్కడే జవాబుంది.

మీ డ్రాఫ్టు ఏ వైపు ఒరిగిందో తెలుసుకోవడానికి ఒక పరీక్ష: "ఆ రోజులే వేరు" అనే మాట ఎవరి నోట పెట్టారో చూడండి. ఆ రోజుల్లో లాభపడ్డ పాత్రలే ఆ మాట అంటుంటే, నష్టపోయిన ఒక పాత్రను అదే గదిలోకి తీసుకురండి. మాట్లాడించనక్కర్లేదు. కాఫీ గ్లాసు కడుగుతూ విన్నా చాలు.

అపోహ: ఇలాంటి సినిమాకు కోట్లు కావాలి

వద్దు. ఖర్చు పెంచేవి వెడల్పు షాట్లు, వీధి. సెల్ టవరు, ఫ్లెక్సీ, డిష్ యాంటెన్నా, సిమెంటు రోడ్డు చెరపడానికి గ్రాఫిక్స్ బిల్లు వస్తుంది. గది లోపల, వాకిట్లో, సందు మొదట్లో తీస్తే సగం తగ్గుతుంది. బండ్లు ఫ్రేములోకి వస్తే నంబరు ప్లేటు చూడండి: 1989 జూలైలో కొత్త మోటారు చట్టం అమలయ్యాక వచ్చిన 'ఏపీ'తో పాటు జిల్లా అంకె ఉండే వరస, దానికి ముందు నాటి కథలో కనిపించకూడదు. 'కేరాఫ్ కంచరపాలెం' (2018) ఒకే మనిషి జీవితాన్ని వేర్వేరు ప్రేమకథలుగా చూపించి, మతం, కులం, పరువు ఒక్కో వయసులో ఎలా అడ్డొచ్చాయో చెప్పింది. స్థానికులే ఎక్కువమంది నటించారు. సెట్టు గురించి ఎవరూ మాట్లాడుకోలేదు.

'బలగం' (2023) అయితే గతంలోకి వెళ్లాల్సిన పనే పెద్దగా పెట్టుకోలేదు. చావింట్లో పిట్ట ముట్టని ముద్ద, ఎప్పుడో విందులో నల్లి బొక్క దగ్గర పడ్డ పంతం, ఆ ఏళ్లన్నీ తెగిపోయిన రాకపోకలు. ఆ తెగిన కాలమే ఫ్లాష్‌బ్యాక్.

అపోహ: పాత పాట ఏడు సెకన్లు వాడుకుంటే ఎవరూ అడగరు

ఎవరు పుట్టించారో గానీ, ఈ పుకారు చావదు. కొందరు పది అంటారు, కొందరు ముప్ఫై. మన కాపీరైట్ చట్టంలో అలాంటి సెకన్ల మినహాయింపు ఏదీ లేదు. సౌండ్ రికార్డింగుకు హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. 1980లో విడుదలైన రికార్డు 2040 చివరిదాకా ఒకరి సొత్తు. పాట రాసినవారికీ స్వరం కట్టినవారికీ హక్కు వారి జీవితకాలం తర్వాత ఇంకో 60 ఏళ్లు, అది వేరే లెక్క. రేడియోలో వెనక వినిపించే పాటైనా అంతే. సీన్ మొత్తం ఆ పాట మీదే నిలబెట్టి షూట్ చేసి, విడుదలకు రెండు వారాల ముందు హక్కుల కోసం పరిగెడితే అవతలివాళ్లు చెప్పిందే ధర. స్క్రిప్ట్ దశలోనే రాతపూర్వకంగా అడగండి, థియేటర్, ఓటీటీ, శాటిలైట్ మూడూ ఒప్పందంలో ఉన్నాయో లేదో చూసుకోండి. రాకపోతే పాటకు బదులు వార్తలు చదివే గొంతును మీరే కొత్తగా రాసి, చదివించి రికార్డు చేయించుకోండి. ఆ రోజు వార్త ఏదో తేల్చాలంటే మళ్లీ మొదటి పేజీ మీది సంవత్సరం కావాలి, ఈసారి తేదీతో సహా.