ఏ యాప్ కొనాలి అని అడిగేముందు

మార్చి దగ్గర పడుతోందంటే నా ఫోన్ మోగడం మొదలవుతుంది. అన్నీ స్వచ్ఛంద సంస్థల నుంచే. "మేడమ్, నిధులిచ్చే ఫండర్ మా పని వల్ల ఏం మారిందో ఇంపాక్ట్ రిపోర్ట్ అడుగుతున్నారు. ఏ యాప్ కొనమంటారు?" నేను తిరిగి అడిగేది ఒక్కటే: "బేస్‌లైన్ ఉందా?" పని మొదలుపెట్టేనాటికి పరిస్థితి ఎలా ఉందో రాసిపెట్టుకున్న లెక్కే బేస్‌లైన్. అవతల కాసేపు మాట వినపడదు.

అపోహ: మంచి సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంపాక్ట్ దానంతటదే తెలుస్తుంది.

తెలీదు. మీరు ఏది నింపితే అదే చూపిస్తుంది. ఈ ఒక్క అపోహ వల్ల వృథా అయినంత డబ్బు మా రంగంలో ఇంక దేనివల్లా కాలేదని నా నమ్మకం.

పాడేరు వైపు సాయంత్రం చదువు సెంటర్లు నడిపే ఒక సంస్థ ఉంది. లక్షలు పోసి రెండేళ్లు సబ్‌స్క్రిప్షన్ కట్టారు. డాష్‌బోర్డ్ చూస్తే ముచ్చటేసింది: మ్యాప్ మీద ఆకుపచ్చ చుక్కలు, ఊరి వారీగా హాజరు, నెలనెలా పైకి వెళ్లే గీత. ఫండర్ వచ్చి ఒకే ప్రశ్న వేశాడు. "మరి పిల్లలకి చదవడం వచ్చిందా?" ఆ సంగతి అందులో ఎక్కడా లేదు. వచ్చిన పిల్లల్ని లెక్కపెట్టారు, వాళ్లకి వచ్చిన చదువుని కాదు.

అప్పుడు పిలిచారు నన్ను. మేం వాడింది పిల్లలకి చదవడం ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వే పేజీ. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 2005 నుంచి వాడుతున్నదే, తెలుగులో నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పిల్లల్ని ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని ముందు ఒకటో తరగతి స్థాయి పేరా ఇస్తాం. అది చదివేస్తే రెండో తరగతి స్థాయి కథ. తడబడితే పదాలు, ఐదింట్లో నాలుగు సరిగ్గా చదవాలి. అవీ రాకపోతే అక్షరాలు. ఎంతవరకు వస్తే అక్కడ టిక్. ఒక పాప పేరా గడగడా చదివేసింది. "ఏం అర్థమైంది తల్లీ?" అంటే నవ్వింది. ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదు, కువి అనే గిరిజన భాష. రెండేళ్ల డాష్‌బోర్డ్ చెప్పనిది ఆ నవ్వు చెప్పింది.

ఇంత చేసినా చిక్కు తీరలేదు. సెంటర్ పెట్టినప్పుడు ఆ పిల్లలు ఏ స్థాయిలో ఉన్నారో ఎవరూ రాసిపెట్టలేదు. మొదటి వారంలోనే ఇదే పేజీ జిరాక్స్ తీసి చదివించి ఉంటే సరిపోయేది. పోనీ బేస్‌లైన్ ఉన్నా, ఆ పిల్లలు బడికీ వెళ్తున్నారు, రెండేళ్లు పెద్దయ్యారు కూడా. ఆ మార్పంతా మన సెంటర్ ఖాతాలో వేసుకోవడం కుదరదు. వచ్చే ఏడాది సెంటర్ పెట్టబోయే ఊళ్లలో పిల్లల్ని కూడా ఇప్పుడే చదివించి చూస్తే, సెంటర్ లేని పిల్లలతో పోల్చడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది.

బేస్‌లైన్ లేదని టెన్షన్ పడుతున్నవాళ్లకి ఒక మాట. మీరొక్కరే కాదు, నాకు ఫోన్ చేసేవాళ్లలో చాలామందిది ఇదే పరిస్థితి. ఈ నెలలో చదివించి చూడండి, అదే ఇకముందు మీ బేస్‌లైన్. ఫండర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి. లేని బేస్‌లైన్‌ని మాత్రం కూర్చుని సృష్టించకండి, నన్ను సృష్టించమని అసలే అడగకండి.

అపోహ: యాప్‌లో నింపితే దొంగ లెక్కలు రావు.

వస్తాయి. కాకపోతే దొరికిపోతాయి. కోబో టూల్‌బాక్స్ అని ఫోన్‌లో సర్వే నింపే టూల్ ఉంది, అందులో ఫామ్ ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు ముగించారో నమోదయ్యేలా పెట్టుకోవచ్చు, జీపీఎస్ కూడా. ఒకచోట ముప్పావుగంట పట్టే ఫామ్ ఆరు నిమిషాల్లో పూర్తయింది. పదకొండు ఇళ్ల జీపీఎస్ ఒకే టీ కొట్టు దగ్గర పడింది. డైరెక్టర్ గారు ఆ ఫామ్‌లు నింపిన కుర్రాణ్ణి అప్పటికప్పుడు తీసేస్తానన్నారు. "ముందు ఫామ్ చూపించండి" అన్నాను. 112 ప్రశ్నలు! కుర్రాణ్ణి అడిగితే, "ముప్పై ప్రశ్నలయ్యేసరికి నాట్లకి టైమైందని లేచి వెళ్లిపోతారు మేడమ్" అన్నాడు. రిపోర్ట్‌లో వాడినవి ఎన్నని చూస్తే పంతొమ్మిది తేలాయి. మిగతావన్నీ కొట్టేశాం. ఆ కుర్రాడు ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఉచిత టూల్ అంటే నాసిరకం అనుకోవద్దు. కోబో, అలాంటిదే ఇంకోటి ఓడీకే, రెండూ సిగ్నల్ లేని ఊళ్లో నింపుకుని, సిగ్నల్ వచ్చాక పంపుకునేవే. గూగుల్ ఫామ్‌కి నెట్ కావాలి, ఏజెన్సీలో దాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు. కోబో ఉచిత ఖాతాకి పరిమితులుంటాయి, చూసుకుని మొదలుపెట్టండి.

ఎన్జీఓ దర్పణ్ నంబర్ ఉంటే ప్రభుత్వం సంస్థ పనితీరుకి సర్టిఫికెట్ ఇచ్చినట్టేనని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఎన్నిసార్లు చెప్పాలి? అది స్వచ్ఛంద సంస్థల కోసం ప్రభుత్వం నడిపే పోర్టల్‌లో నమోదు చేసుకున్నందుకు ఇచ్చే ఐడీ. రేటింగ్ కాదు.

ఫామ్‌లో ఆధార్ నంబర్ అడగడం మానేయండి, మీకది ఎందుకూ పనికిరాదు. 2023 డేటా రక్షణ చట్టం లెక్కలో పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలకి అమ్మానాన్నల అనుమతి కావాలి.

అడ్మిన్ ఖర్చు తక్కువుంటే మంచి సంస్థ అనేది ఇంకోటి. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద వచ్చే నిధుల్లో 20 శాతం దాటకూడదని 2020 సవరణ చెప్తోంది, అది పాటించాల్సిందే. అది పనితీరుకి కొలత మాత్రం కాదు. ఛారిటీ నావిగేటర్, గైడ్‌స్టార్ లాంటి, స్వచ్ఛంద సంస్థల వివరాలు దాతలకి అందించే అమెరికా సంస్థలే 2013లో ఈ అపోహ వదలండని దాతలకి బహిరంగ లేఖ రాశాయి.

చివరిది, సంస్థ సామర్థ్యాన్ని ఆన్‌లైన్‌లో మనమే అంచనా వేసుకునే ఫామ్‌లు. డైరెక్టర్ ఒక్కరే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నింపేసి, స్కోర్‌ని వార్షిక నివేదికలో వేసేస్తారు. ఒకచోట నేను పట్టుబట్టి ఫీల్డ్ కోఆర్డినేటర్లచేత కూడా విడిగా నింపించాను. "సిబ్బంది మాట పైవరకు వెళ్తుందా" అన్న ప్రశ్నకి నాలుగుకి డైరెక్టర్ గారు వేసుకున్నది నాలుగు. కోఆర్డినేటర్లు ఐదుగురూ వేసింది ఒకటి. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత ఫోన్ సైలెంట్‌లో పెట్టి, "కూర్చోండమ్మా, చెప్పండి" అన్నారు. ఆ మాటలు అయ్యేసరికి రాత్రి ఎనిమిదైంది. స్కోర్ కూడటం ఎవరికీ గుర్తు రాలేదు.