కుక్కపిల్లతో పాటు ఇంటికొచ్చినవి

2017 ఆగస్టులో అమెరికాలోని ఫ్లోరిడా ఆరోగ్య శాఖ ఆరుగురు రోగుల సమాచారాన్ని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రమైన సీడీసీకి పంపింది. ఆరుగురికీ సోకింది క్యాంపైలోబ్యాక్టర్ జెజునీ అనే బ్యాక్టీరియా. జ్వరం, మెలిపెట్టే కడుపునొప్పి, ఒక్కోసారి రక్త విరేచనాలు దాని లక్షణాలు. సరిగా ఉడకని కోడిమాంసం, కాచని పాలు దానికి పాత దారులు. కానీ ఈ ఆరుగురినీ కలిపింది కోడికూర కాదు. దేశమంతటా శాఖలున్న ఒక పెంపుడు జంతువుల దుకాణంతో, అక్కడి కుక్కపిల్లలతో వాళ్లందరికీ ఏదో ఒక సంబంధం ఉంది.

తీగ లాగితే డొంకంతా కదిలింది. 2016 జనవరి నుంచి 2018 ఫిబ్రవరి దాకా 18 రాష్ట్రాల్లో 118 మంది జబ్బుపడ్డారని తేలింది. వారిలో 29 మంది ఆ దుకాణాల సిబ్బందే. 26 మంది ఆసుపత్రిలో చేరారు. అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు. అయితే ఈ జబ్బుకు వైద్యులు మామూలుగా రాసే యాంటీబయాటిక్ ఏదీ ఆ బ్యాక్టీరియా మీద పనిచేయలేదు.

పసికూనల పేగుల్లో ఇంత మొండి సూక్ష్మజీవి ఎలా తయారైంది? పరిశోధకులు 149 కుక్కపిల్లల మందుల చిట్టాలు తిరగేశారు. 142 పిల్లలకు కనీసం ఒక్కసారైనా యాంటీబయాటిక్ ఇచ్చారు. వాటిలో 78 పిల్లలకు ఏ జబ్బూ లేదు, ముందు జాగ్రత్తగా మందు పట్టించారంతే. పెంపకందారు దగ్గర పుట్టి, వాహనాల్లో ప్రయాణించి, దుకాణంలో ఇతర పిల్లలతో కలిసి బతికే జీవి అమ్ముడుపోయేదాకా హుషారుగా కనిపించాలి కదా! ఇది వైద్యం కాదు, సరుకు చెడిపోకుండా చూసుకోవడం అని నాకనిపిస్తుంది.

ఈ ముందు జాగ్రత్త చేసే పని ఏమిటంటే, పంటను కోసేసి కలుపును వదిలేయడం. మందుకు లొంగే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఏదో ఒక జన్యు మార్పు వల్ల లొంగని నాలుగూ మిగులుతాయి. పోటీ లేని ఖాళీ పొలం వాటిదే. పైగా చాలా జాతుల బ్యాక్టీరియాలు తమ నిరోధక జన్యువులను ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ వలయాల మీద పక్కవాటికి చేరవేయగలవు. పక్కది వేరే జాతిదైనా ఫరవాలేదు.

మనుషుల మందులు, జంతువుల మందులు వేరని చాలామంది అనుకుంటారు. సీసా మీద చీటీ వేరు, అంతే. కుక్కలకు వాడే ఎన్‌రోఫ్లాక్సాసిన్ వాటి ఒంట్లోకి వెళ్లాక కొంత భాగం సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది. మనకు డాక్టర్లు రాసే సిప్రో అదే. కుక్క చర్మం మీది పుండ్లకు ఇచ్చే సెఫాలెక్సిన్ కూడా మన మందుల డబ్బాలో కనిపించేదే.

ఇక్కడ కుక్కనే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. ఈ రాకపోకలు రెండు వైపులా సాగుతాయి. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్ 1959లో వాడుకలోకి వస్తే, దానికి లొంగని స్టెఫిలోకాకస్ ఆరియస్ 1961కల్లా బ్రిటన్‌లో బయటపడింది. ఎంఆర్‌ఎస్‌ఏ అని పిలిచే ఈ బ్యాక్టీరియా ప్రధానంగా మనుషుల ముక్కుల్లో, చర్మం మీద కాపురముంటుంది. కుక్కలకు సొంత స్టెఫిలోకాకస్ వేరే ఉంది. సూడింటర్మీడియస్ అనే ఆ జాతిని శాస్త్రవేత్తలు విడిగా గుర్తించింది 2005లోనే. కాబట్టి కుక్క ముక్కులో ఎంఆర్‌ఎస్‌ఏ కనిపిస్తే, చాలాసార్లు అది మనుషుల దగ్గర అంటించుకున్నదే అయివుంటుంది. బ్రిటన్‌లో పెంపుడు జంతువుల్లో దొరికిన ఎంఆర్‌ఎస్‌ఏ రకాలు అక్కడి ఆసుపత్రుల్లో తిరిగే రకాలతో సరిపోలాయి కూడా.

అలాగని బెంబేలెత్తాల్సిన పని లేదు. బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి పరిశోధకులు రోగులనూ వారి ఇళ్లలోని కుక్కలనూ పిల్లులనూ పరీక్షించారు. మనిషిలో, అతని పెంపుడు జంతువులో ఒకే మొండి బ్యాక్టీరియా కనిపించిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే. ఆరోగ్యవంతుడైన మనిషి కుక్కను నిమిరితే ఏదో అయిపోతుందని ఎవరూ అనడం లేదు. మానని గాయం, మధుమేహం, కీమోథెరపీ, నెలల పసికందు ఉన్న ఇళ్లలో గాయాన్ని కుక్క నాకకుండా చూడటం, దాని మలం ఎత్తాక సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి. మనకు మిగిలిన మాత్రను సగం విరిచి కుక్కకు పెట్టడం మాత్రం ఎవరింట్లోనూ చేయకూడని పని.

జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెడుతుంటే డాక్టరు ‘ఇంట్లో కుక్క ఉందా’ అని అడగడం అరుదు. పశువైద్యుడు ‘మీ ఇంట్లో ఈమధ్య ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నారా’ అని అడగడమూ అంతే. 2003లో అమెరికా నుంచి ఒక కేసు వైద్య పత్రికకెక్కింది. మధుమేహం ఉన్న ఒకాయనకూ ఆయన భార్యకూ ఎంఆర్‌ఎస్‌ఏ వదిలినట్టే వదిలి తిరిగి వస్తోంది. చివరికి వాళ్ల పెంపుడు కుక్క ముక్కులో దూదిపుల్ల తిప్పి పరీక్షకు పంపారు. కుక్కకు జబ్బు లక్షణమేదీ లేదు, దాని ముక్కులో ఉన్నది మాత్రం అదే బ్యాక్టీరియా. కుక్కకు కూడా చికిత్స చేసి దాన్ని వదిలించాకే ఆ దంపతులకు జబ్బు తిరగబెట్టడం ఆగింది.